వడ్లు రోడ్డెక్కిన చోట: శోభమ్మ జ్ఞాపకం

ఆమె మార్గం మా మార్గం కాదు. ఆమె పుట్టి పెరిగిన యింటికీ, మా సంఘానికి సభ్యత్వం కట్టే కూలీల గుడిసెలకూ మధ్య వున్న దూరం ఆళ్ళగడ్డలో అందరికీ తెలిసిందే. అయినా ప్రతి యేడూ ఏప్రిల్ నెలాఖరుకు, రెండో పంట వడ్లు రోడ్ల మీదికి వచ్చే రోజుల్లో, మా మాటల మధ్య భూమా శోభా నాగిరెడ్డి పేరు రాకుండా పోదు. 2014 ఏప్రిల్ 24న ఆమె చనిపోయేనాటికి వయసు నలభై అయిదు. ముగ్గురు బిడ్డల తల్లి. యీ జిల్లాలో రోడ్డు మీద చచ్చిపోయిన తల్లులు యెందరో వున్నారు. వాళ్ళ పేర్లు పేపర్లో వొక్క రోజు కూడా నిలవలేదు. ఈమె పేరు నిలిచింది గనక, ఆ పేరు పట్టుకునే మిగతావాళ్ళ మాట కూడా చెప్పుకోవాలని మా వుద్దేశం.

జరిగిందేమిటో ఆనాటి పత్రికలన్నీ రాసినయ్యి. ఏప్రిల్ 23 సాయంత్రం నంద్యాలలో యెన్నికల ప్రచారం ముగించుకుని, రాత్రిపూట ఆమె కారులో ఆళ్ళగడ్డకు తిరుగుముఖం పట్టారు. పోలింగుకు యింకా రెండు వారాలే వుంది. ఆళ్ళగడ్డకు చేరువలో, గూబగుండం మిట్ట దగ్గర, రోడ్డు మీద పోసివున్న వడ్లకుప్పను తప్పించబోయి బండి అదుపు తప్పింది. పల్టీలు కొట్టింది. ఆమె సీటుబెల్టు పెట్టుకోలేదని, బయటికి విసిరివేయబడ్డారని రాశారు. ముందు ఆళ్ళగడ్డ, తర్వాత నంద్యాల, అక్కడి నుంచి హైదరాబాదు తీసుకుపోయారు. తెల్లారి పగటిపూట ప్రాణం పోయింది.

వడ్లకుప్ప! యీ మాటను ఆనాడు చాలామంది చదివి పక్కన పెట్టేశారు. మేము మాత్రం అక్కడే ఆగిపోయినాం. కృష్ణా, తుంగభద్ర నీళ్ళు పారే గడ్డ మీద, పండిన గింజను ఆరబోసుకునేందుకు జానెడు గచ్చు లేక, రైతు జాతీయ రహదారిని కల్లం చేసుకున్నాడు. ఆ కల్లం మీద ఆ ప్రాంతపు శాసనసభ్యురాలే చనిపోయింది. దీన్ని విధి అని సరిపెట్టుకోవడం మాకు చాతకాలేదు.

ముందు ఆమె సంగతి

శోభా నాగిరెడ్డి 1968 డిసెంబరులో ఆళ్ళగడ్డలో పుట్టారు. తండ్రి ఎస్.వి. సుబ్బారెడ్డి మంత్రిగా చేసినవారు. భర్త భూమా నాగిరెడ్డి. 1996లో పి.వి. నరసింహారావు నంద్యాల, బరంపురం రెండు చోట్లా గెలిచి నంద్యాలను వదులుకున్నప్పుడు, వుపయెన్నికలో నాగిరెడ్డి లోక్‌సభకు పోయారు. ఖాళీ అయిన ఆళ్ళగడ్డ అసెంబ్లీ సీటుకు 1997లో ఈమె నిలబడి గెలిచారు. అంటే మొదట ఆమెకు పదవి వచ్చిన దారి యింటి దారే. మన దగ్గర ఆడవాళ్ళకు రాజకీయం తెరిచే తలుపు చాలావరకు అదొక్కటే. మగవాడు యింకో సీటుకు పోతేనో, లేక మగవాడు చచ్చిపోతేనో తప్ప ఆ తలుపు తెరుచుకోదు.

అయితే వచ్చిన తర్వాత ఆమె వూరికే కూర్చోలేదు. 1999లో మళ్ళీ గెలిచారు. 2004లో వోడిపోయారు. వోడిన ఆడమనిషి యింట్లోకి పోయి తలుపేసుకుంటుందని అనుకునేవాళ్ళకు జవాబుగా 2009లో ప్రజారాజ్యం తరఫున, 2012 వుపయెన్నికలో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు తరఫున గెలిచి వచ్చారు. మధ్యలో ఆర్టీసీ చైర్‌పర్సన్‌గా పనిచేశారు. పార్టీలు మారడం గురించి మా అభిప్రాయం పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. కానీ ఫ్యాక్షన్ల పేరుతో లోకమంతా యెరిగిన ఆళ్ళగడ్డలో, మగవాళ్ళ మీసాల మధ్య, యిద్దరు ఆడపిల్లల్నీ వొక కొడుకునీ పెంచుకుంటూ ఆమె పదిహేడేళ్ళ పాటు జనంలో నిలబడి మాట్లాడింది. అది చిన్న విషయం కాదు. పల్లెల్లో ఆడవాళ్ళు ఆమెను ‘మేడం’ అనలేదు, ‘శోభమ్మ’ అన్నారు. యిది మేము విన్న మాట.

చనిపోయినాక జరిగిందే విచిత్రం. ఆమె పార్టీకి అప్పటికి గుర్తింపు పొందిన పార్టీ హోదా లేదు. చట్టం ప్రకారం గుర్తింపు వున్న పార్టీ అభ్యర్థి చనిపోతేనే పోలింగు వాయిదా వేస్తారు. అంచేత మే 7న పోలింగు జరిగింది, యంత్రం మీద ఆమె పేరు అట్లాగే వుంది. జనం పోయి ఆ మీటే నొక్కివచ్చారు. దాదాపు 18 వేల వోట్ల ఆధిక్యతతో చనిపోయిన మనిషి గెలిచింది. తర్వాత వుపయెన్నికలో పెద్దకూతురు అఖిలప్రియ పోటీ లేకుండా యెన్నికయింది. 2017 మార్చి 12న నాగిరెడ్డి కూడా గుండెపోటుతో పోయారు. మూడేళ్ళలోపు ఆ పిల్లలకు తల్లీ తండ్రీ యిద్దరూ లేకుండా పోయారు. రాజకీయం సంగతి యెట్లా వున్నా, ఆ దుఃఖం యే గుడిసెలోనైనా యే మిద్దెలోనైనా వొకటే.

పోటీ లేకుండా యెన్నిక జరిపించడంలో పార్టీలన్నీ చూపిన ఆ సంస్కారాన్ని మేము తప్పు పట్టం. కాకపోతే ఆ నెలల్లో వొక్క పార్టీ అయినా గూబగుండం రోడ్డు మీద వడ్లు యెందుకున్నయ్యి అని అడిగివుంటే బాగుండేది.

కల్లం యేమైంది?

యెందుకున్నయ్యి? లెక్క చెబుతాం, వినండి.

మునుపు వరిని కొడవలితో కోసేవాళ్ళు. కోసిన పనలు మూడు నాలుగు రోజులు చేలోనే యెండేవి. కట్టలు కట్టి, కుప్పేసి, తీరిక చూసుకుని కల్లంలో తొక్కించి, గాలికి తూర్పారబట్టేవాళ్ళు. గింజ బస్తాలోకి పోయేసరికి దాని తడి దానంతటదే ఆరిపోయేది. ప్రతి వూరికీ కల్లాలకని పోరంబోకు స్థలం వుండేది. పేడతో అలికి, రాతిగుండుతో తొక్కించి చదును చేసిన నేల అది. అందరిదీ, అంటే భూమి లేనివాడిదీ కూడా. కల్లం అయిపోయినాక అక్కడ రాలిన గింజలు యేరుకునే హక్కు కూలి ఆడవాళ్ళకు వుండేది.

యిప్పుడు మిషను వచ్చింది. పొద్దున చేలో దిగితే యెకరా వరి గంటా గంటన్నరలో అయిపోతుంది. పదిమంది ఆడవాళ్ళు రోజంతా వంగి కోసే పని అది. ఆ కూలి పోయింది, దాని గురించి యీ పేజీల్లో చాలాసార్లు రాసినాం. మిషను పచ్చిగింజను కక్కుతుంది. నూటికి యిరవై పాళ్ళు, అంతకు మించి కూడా తడి వుంటుంది. కొనుగోలు కేంద్రంలో పదిహేడు శాతం దాటితే తీసుకోరు. ఆరబెట్టకుండా బయట అమ్మితే వ్యాపారి బస్తాకింత అని తరుగు తీస్తాడు. కుప్పగా వుంచితే రెండు రోజుల్లో వేడెక్కి, రంగు మారి, మొలకొస్తుంది. అంచేత మూడు నాలుగు యెండలు తప్పవు. మునుపు చేలో పన మీద ఆరిన తడిని యిప్పుడు గింజ మీద ఆరబెట్టాలన్న మాట.

యెకరాకు రెండు టన్నుల వడ్లు అనుకుందాం. మూడు సెంటీమీటర్ల మందాన పరిస్తే నూరు చదరపు మీటర్ల పైన జాగా కావాలి. రోడ్డులో సగం వెడల్పు తీసుకుంటే యెకరాకు ముప్పయి మీటర్ల పొడుగు. అయిదెకరాల రైతుకు నూటయాభై మీటర్లు. అట్లాంటి రైతులు వూరికి యాభైమంది వొకే వారంలో కోతకొస్తే? రోడ్డు వదిలి యాడ బోసుకోవాలి? చేలో పోద్దామంటే నల్లరేగడి. కాలవ తడి యింకా ఆరలేదు. కిందనుంచి చెమ్మ పీల్చుకుంటుంది. యింటి ముందు పోద్దామంటే సందులు. కల్లం పోరంబోకులో కొంత యిళ్ళ స్థలాలకు పోయింది, అది మేము అడిగి సాధించుకున్నదే. కొంత కార్యాలయాల కింద పోయింది. తక్కినదాన్ని పలుకుబడి వున్నవాళ్ళు గెట్టు జరిపి కలుపుకున్నారు. తారు రోడ్డేమో నల్లగా కాగుతూ వుంటుంది. దాని మీద గింజ వొకటిన్నర రోజులో ఆరిపోతుంది. రైతు మూర్ఖుడు కాదు. వున్నవాటిలో మంచి కల్లాన్ని యెంచుకున్నాడు.

ఆ రోడ్డు మీద పని యెవరిది? కూలి ఆడవాళ్ళది. పొద్దున పట్టలు తీసి వడ్లు పరవడం, గంటకొకసారి యెండలో కాళ్ళతో సాళ్ళు పోస్తూ తిరగెయ్యడం, పొద్దు వాలంగానే పారలతో కుప్ప చెయ్యడం. వొకపక్క లారీలు, బస్సులు చీర కొంగును రాసుకుంటూ పోతుంటాయి. బండ్లు వడ్ల మీదికి రాకుండా చుట్టూ రాళ్ళు పేరుస్తారు. రాత్రికి నల్లపట్ట కప్పుతారు. నల్లరోడ్డు మీద నల్లపట్ట, దాని చుట్టూ రాళ్ళు, లైటు లేదు. పక్కనే గింజకు కాపలాగా దుప్పటి కప్పుకుని మనిషి పడుకునివుంటాడు. కారులో వచ్చేవాడికి అది చావు, పడుకున్నవాడికీ అది చావే. మోటారు సైకిలు మీద పోయే కుర్రవాళ్ళు రాళ్ళకు తగిలి పడ్డ సంగతులు యీ జిల్లాలో ప్రతి కారులోనూ వింటున్నాం. శోభమ్మ కారుకు ముందూ జరిగినయ్యి, తర్వాతా జరిగినయ్యి.

వొక రాష్ట్రపతి, వొక ప్రధాని

నంద్యాల చిన్న వూరేం కాదు. 1977లో నీలం సంజీవరెడ్డిని లోక్‌సభకు పంపింది. ఆయన అదే యేడు రాష్ట్రపతి అయ్యారు. 1991 నవంబరులో ప్రధాని పి.వి.ని అయిదు లక్షలు దాటిన ఆధిక్యతతో గెలిపించింది. తెలుగుబిడ్డ అని తెలుగుదేశం పోటీ కూడా పెట్టలేదు. 1906 నుంచి యిక్కడ వ్యవసాయ పరిశోధనా క్షేత్రం వుంది, పత్తి వంగడాలు యిక్కడి నుంచి దేశమంతా పోయినయ్యి. 1863లో మొదలుపెట్టి 1870 నాటికి తవ్విన కర్నూలు–కడప కాలవ వుంది. తవ్వింది పడవలు తిప్పి లాభాలు గుంజుదామనుకున్న ఇంగ్లీషు కంపెనీ. లాభం రాక 1882లో సర్కారుకు అమ్ముకుపోయింది. కాలవ మాత్రం మనకు మిగిలింది, యీనాటికీ దాని కింద రెండున్నర లక్షల యెకరాలకు పైగా ఆయకట్టు వుంది. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబమసూరి యీ కాలవ కింద పండి, కర్నూలు సోనా అని పేరు తెచ్చుకుని పట్నాల పెళ్ళిభోజనాల్లోకి పోతున్నది.

విత్తనానికి పరిశోధన వున్నది. నీళ్ళకు కాలవ వున్నది. బియ్యానికి పేరున్నది. మధ్యలో ఆ నాలుగు రోజుల యెండకు మాత్రం జాగా లేదు. రాష్ట్రపతికీ ప్రధానికీ కనిపించకపోవచ్చు. రోజూ ఆ రోడ్డు మీదే తిరిగే అధికారులకు కూడా కనిపించకపోవడమే ఆశ్చర్యం.

కనిపించలేదని కూడా అనలేం. రోడ్డు మీద అడ్డం పెట్టినవాడి మీద కేసు పెట్టే సెక్షను వున్నది. పాత శిక్షాస్మృతిలో 283, జరిమానా రెండు వందల దాకా. 2024 జులైలో వచ్చిన కొత్త న్యాయ సంహితలో అది 285 అయింది, జరిమానా అయిదు వేల దాకా పెరిగింది. అంటే పాలకులు యీ సమస్యలో యిరవై అయిదు రెట్లు పెంచింది జరిమానాను. కల్లాన్ని కాదు!

మార్గం లేక కాదు. గ్రామీణ ఉపాధి హామీ పనుల కింద కల్లాలు కట్టించాలని 2020లో తెలంగాణ ప్రభుత్వం పూనుకున్నది. సిమెంటు గచ్చులు లేచినయ్యి. 2022లో కేంద్రం ఆ డబ్బు దారిమళ్ళిందని, 151 కోట్ల పైచిలుకు వెనక్కి కట్టమని తాఖీదు యిచ్చింది. సముద్రతీరంలో చేపలు ఆరబెట్టుకునే గచ్చులకు వొప్పుకుంటూ, వడ్లు ఆరబెట్టుకునే గచ్చులకు యెందుకు వొప్పుకోరని అక్కడివాళ్ళు అడిగారు. న్యాయమైన ప్రశ్న. కల్లం కట్టడమంటే కూలీకి పని, కట్టినాక రైతుకు గచ్చు. వొక్క రాయికి రెండు పిట్టలు కాదు, రెండు కడుపులు.

తల్లి విలువ యెంత?

యీ మాట యెందుకు యెత్తుతున్నామంటే, రోడ్డు మీద వడ్లు తిరగేసే ఆడమనిషి చనిపోతే మొదట అడిగే ప్రశ్న యిదే. ‘ఆమె సంపాదన యెంత?’ రసీదు లేదు, ముస్టరు లేదు. ‘గృహిణి’ అని రాసుకుంటారు. అంటే లెక్కలో సున్నాకు దగ్గర.

2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు యింటి ఆడమనిషి సేవలకు నెలకు మూడు వేల చొప్పున లెక్క కట్టింది. అదే అప్పటికి పెద్ద మెట్టు. శోభమ్మ పోయిన ఆ ఏప్రిల్ నెలలోనే, 2014లో, ఢిల్లీలో మోటారు సైకిలు మీద పోతున్న భార్యాభర్తలు కారు గుద్ది చనిపోయారు. చిన్నచిన్న ఆడపిల్లలు మిగిలారు. ఆ కేసు 2021 జనవరిలో సుప్రీంకోర్టులో తేలింది. మన తెలుగువాడైన జస్టిస్ ఎన్.వి. రమణ అందులో విడిగా రాసిన తీర్పులో యింటి పనికి ఆదాయం లెక్కించడం దయ కాదు, న్యాయం అనే అర్థం వచ్చేట్టు చెప్పారు. 2011 జనాభా లెక్కల్లో యింటిపనే తమ ముఖ్యమైన పని అని చెప్పిన ఆడవాళ్ళు దాదాపు 16 కోట్లు, మగవాళ్ళు 58 లక్షలు. 2019లో సర్కారు వారే చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం యింటి పనిచేసే ఆడమనిషి రోజుకు 299 నిమిషాలు ఆ పనికే పెడుతుంది, మగవాడు 97 నిమిషాలు. మన కూలి ఆడవాళ్ళకు ఆ అయిదు గంటలూ చేలో పనికి అదనం. వాళ్ళు కోడి కూయకముందు లేచేది అందుకే.

అట్లాంటివాళ్ళలో కొందరు యింకొక పనీ చేస్తారు. దానికి యే సర్వేలోనూ గడి లేదు. సంఘం చందా వసూలు చేసేది వాళ్ళే. రేషను కార్డు రాని ముసలామెను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయేది వాళ్ళే. కాన్పు నొప్పులొస్తే రాత్రిపూట ఆటో పిలిచేది, తాగొచ్చి కొట్టినవాణ్ణి నలుగురిలో నిలబెట్టేది వాళ్ళే. నంద్యాల, ఆళ్ళగడ్డ మధ్య పల్లెల్లో అట్లాంటి ఆడవాళ్ళు నలభై దాటకముందే పోవడం మేము చూసినాం. కొందరు రక్తం లేక, కొందరు పురుగుమందు చేలో కలుపు తీసి, కొందరు కిక్కిరిసిన ఆటోలో కూలికి పోతూ. పేర్లు రాయం, వాళ్ళ పిల్లలకు యిష్టం లేదు. వొక తల్లి పోతే ముందు ఆగేది ఆడపిల్ల చదువు. యింట్లో పొయ్యి, చంటిబిడ్డ, కూలి అన్నీ పన్నెండేళ్ళ పిల్ల నెత్తి మీద పడతయ్యి.

శోభమ్మ పిల్లలకు ఆ గతి పట్టలేదు, వాళ్ళకు ఆస్తీ పేరూ వున్నయ్యి. యీ తేడాను మేము మరచిపోలేదు, మరచిపోమని యెవరూ అడగనక్కరలేదు. కానీ గూబగుండం దగ్గర ఆమెను చంపిన కుప్పా, తక్కినవాళ్ళను చంపుతున్న కుప్పా వొకటే. ఆ వడ్లు యెవరివని వెతికి ఆ రైతును తిట్టినవాళ్ళున్నారు. అతని స్థానంలో యెవరున్నా అక్కడే పోసేవాళ్ళు.

2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల వేరే జిల్లా అయింది. కలెక్టరు నూరు కిలోమీటర్ల దూరంలో లేరు, వూళ్ళోనే వున్నారు. కాబట్టి యీసారి కోతలకు ముందే మా సంఘం అర్జీ పెడుతున్నది. మండలానికొక జాబితా వేసి ఆక్రమణలో వున్న కల్లం పోరంబోకులు విడిపించాలి. కాలవ కింద ప్రతి వూళ్ళో రెండెకరాలకు తక్కువ కాకుండా గచ్చు కట్టాలి, ఆ పని మిషన్లకు కాకుండా కూలీలకే యివ్వాలి. కట్టేదాకా ప్రతి కోతకూ పట్టలు, రాత్రి మెరిసే బోర్డులు పంచాయతీ నుంచి యివ్వాలి. ఆరబోత కూలీలకు ప్రమాద బీమా చెయ్యాలి. బీమా కాగితంలో ‘గృహిణి’ అని కాక ‘వ్యవసాయ కార్మికురాలు’ అని రాయాలి.

మొదటి గచ్చు గూబగుండం దగ్గర పొయ్యమని కోరుతున్నాం. దానికి శోభమ్మ పేరు పెడతామంటే మాకేమీ అభ్యంతరం లేదు. సర్వే నంబర్లు మేమే రాసి యిస్తాం.